వార్తల్లో పదం: బై-ఇన్

పోకర్ టోర్నమెంటులో కూర్చోవడానికి ఆటగాడు ముందుగా కట్టే ప్రవేశ సొమ్మే బై-ఇన్. అందులో పెద్ద వాటా బహుమతుల నిధికి, చిన్న వాటా నిర్వాహకుల రుసుముకు పోతుంది. బదులుగా అందరికీ సమానంగా చిప్స్ ఇస్తారు. వాటిని మధ్యలో నగదుగా మార్చుకోవడం కుదరదు, అయిపోతే లేచిపోవాల్సిందే. బ్లైండ్లు అనే తప్పనిసరి పందేలు నిర్ణీత సమయానికోసారి పెరుగుతాయి. కాబట్టి మొదటి గంటలో కొండలా కనిపించిన చిప్స్ దొంతర, ఏ ముక్కా ఆడకుండా ఊరికే కూర్చున్నా, సాయంత్రానికి నాలుగు బిళ్లలకు దిగిపోతుంది.

బై-ఇన్ కట్టి ఆడే కాసినో అరకులోయలోనే కాదు, ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడా లేదు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని రాష్ట్రం 2020లో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో కేంద్రం దేశమంతటికీ అలాంటి చట్టమే తెచ్చింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు చెప్పినా, ఆ తీర్పు పోకర్ గురించి కాదు.

అందుకే సరదాగా ఆడాలనుకునే అరకు ఆటగాడు కిరండూల్ రైల్లోనో ఘాట్ రోడ్డు మీదో విశాఖ దిగి, గోవా దారి పట్టాలి. అక్కడ మాండవి నదిలో లంగరేసిన ఓడల్లో కాసినోలున్నాయి. 21 ఏళ్లు నిండాలి. టికెట్లు, బస, తిండి బై-ఇన్‌కు ముందే జేబు ఖాళీ చేస్తాయి. ఓడాక మళ్లీ సొమ్ము కట్టి చేరే రీ-ఎంట్రీ అంతకంటే ప్రమాదం: ఒక బై-ఇన్ అనుకున్నది మూడవుతుంది. గెలుపు సొమ్ముపై 30 శాతం ఆదాయపు పన్ను ఉంది. ప్రయాణ ఖర్చు అందులోంచి మినహాయించరు.