భూమిలో పాతిన రథములు

కురుక్షేత్ర యుద్ధమున పదునేడవనాడు కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగిన కథ అందఱకును తెలిసినదే. రథము కదలుచున్నంతవఱకే రథికునకు బలము. అది నిలిచిపోయెనా, ఎంతటి వీరుడైనను శత్రువునకు సులభమైన గుఱి యగును. కర్ణుని చక్రము శాపవశమున క్రుంగెను. కాని యిరువదవ శతాబ్దమున ఒక సైన్యము తన రథములకు తానే గోతులు త్రవ్వి, కంఠము వఱకు వానిని మట్టిలో దించి నిలుపుకొనవలసి వచ్చెను. ఆ రథములు గుఱ్ఱములు లాగునవి కావు. నూనెతో నడచు ఉక్కు టాంకులు. ఆ సైన్యము జపాను దేశపు రెండవ టాంకు డివిజను. ఇది జరిగినది 1945వ సంవత్సరమున, ఫిలిప్పీను దీవులలో పెద్దదైన లూజాను ద్వీపమున. పరుగెత్తుటకై పుట్టిన యంత్రములకు ఈ గతి యేల పట్టెను? ఈ ప్రశ్నకు సమాధానము రణరంగమున మాత్రమే దొరకునది కాదు. దానిని కర్మాగారములలోను, సముద్రముమీదను, ఆకాశమునను గూడ వెదకవలసియున్నది.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సు దేశములో ఉభయ సైన్యములును కందకములు త్రవ్వుకొని యెదురెదురుగా నిలిచిపోయెను. ముండ్లతీగలను దాటి ముందునకు వచ్చిన సైనికులను మరతుపాకులు కోతకోసినట్లు కూల్చుచుండెను. ఈ చిక్కును విడదీయుటకై ఆంగ్లేయులు 1916వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన సోమ్ నదీప్రాంతమున మొట్టమొదటిసారిగా టాంకులను యుద్ధమునకు దింపిరి. టాంకునకు మూడు గుణములు ముఖ్యములు. మొదటిది, లోనివారిని కాపాడు కవచము. రెండవది, శత్రువును కొట్టు ఫిరంగి. మూడవది, మెట్టపల్లములను లెక్కచేయని గమనము. కవచమును మందము చేసినచో బరువు పెరిగి నడక మందగించును. నడకను హెచ్చించుటకై రేకును పలుచన చేసినచో గుండ్లు దూసికొని లోనికి వచ్చును. ఈ మూడింటికిని పొత్తు కుదుర్చుటయే టాంకును నిర్మించువాని నేర్పు.

జపానువారు మొదట ఇంగ్లండునుండియు ఫ్రాన్సునుండియు టాంకులను కొని పరీక్షించిరి. పిదప తామే నిర్మింప మొదలిడిరి. వారు తమ ఆయుధములకు తమ దేశపు శకమునుబట్టి పేరు పెట్టుచుండిరి. ఆ శకము క్రీస్తు శకముకంటె 660 సంవత్సరములు ముందుది. కావున 1929లో, అనగా వారి లెక్కకు 2589లో, సిద్ధమైన టాంకునకు 89వ రకమనియు, 1937లో సిద్ధమైనదానికి 97వ రకమనియు పేర్లు కలిగెను. ఈ 97వ రకమే యుద్ధకాలమున జపాను టాంకు సేనకు వెన్నెముక. దాని బరువు సుమారు 15 టన్నులు. కవచము మిక్కిలి దట్టమైనచోటను 25 మిల్లీమీటర్లు మాత్రమే. ఫిరంగి గొట్టపు వ్యాసము 57 మిల్లీమీటర్లు. దాని డీసెలు యంత్రము గాలితోనే చల్లబడునది. కావున నీరు గడ్డకట్టు చలిప్రదేశములందు అది మిక్కిలి యనుకూలముగా నుండెను. టాంకును తేలికగా నుంచుటకు వేఱొక కారణమును కలదు. జపాను ద్వీపరాజ్యము. ప్రతి టాంకును ఓడకెత్తి సముద్రము దాటింపవలెను. బలహీనములైన వంతెనలమీదుగా నడిపింపవలెను. చైనాలో టాంకులు తక్కువగా గల సైన్యములతో పోరునంతకాలము ఈ కొలతలు చాలియుండెను.

కాని 1939వ సంవత్సరమున మంగోలియా సరిహద్దునందలి ఖల్ఖిన్ గోల్ నదియొద్ద సోవియట్ సేనలతో జరిగిన యుద్ధమున జపాను టాంకులు గట్టి దెబ్బతినెను. మరుసటి సంవత్సరము జర్మనీ టాంకు డివిజనులు కొలది వారములలోనే ఫ్రాన్సును లొంగదీసెను. లోకమంతయు నివ్వెరపోయెను. ఆ రహస్యమును తెలిసికొనుటకై జపాను ప్రభుత్వము ఒక సైనిక బృందమును జర్మనీకి పంపెను. దానికి నాయకుడు జనరల్ యమాషిత తొమొయుకి. సైన్యమును నవీనము చేయవలసిన యావశ్యకతను ఆయన కన్నులారా చూచి వచ్చెను. తరువాత, 1942వ సంవత్సరమున జపాను తన టాంకు పటాలములను కూర్చి డివిజనులుగా నేర్పరచెను. మొదటి రెండును మంచూరియాలో వెలసెను. మూడవది మంగోలియా ప్రాంతమున. నాలుగవది 1944లో స్వదేశమున ఏర్పడెను.

టాంకు డివిజను అనగా టాంకుల గుంపు మాత్రమే కాదు. టాంకులోనివారికి చిన్న సందులగుండ తప్ప వెలుపలి ప్రపంచము కనబడదు. పొదలో నక్కిన శత్రువును పట్టుటకు కాలిబలము వెంట నుండవలెను. దూరమునుండి కొట్టుటకు ఫిరంగిదళము, వాగులకు వంతెనలు కట్టుటకు ఇంజనీర్లు, చెడినదానిని బాగుచేయు పనివారు, నూనెయు మందుగుండును మోయు లారీలు, ఇవన్నియు టాంకుతో సమానవేగమున సాగవలెను. రెండవ డివిజనునకు 6, 7, 10, 11 అను నాలుగు టాంకు పటాలము లుండెను. ఆ డివిజను సంకేతనామము ‘గెకి’. దెబ్బ కొట్టుట యని దాని యర్థము. జపాను లిపిలో పదిని, ఒకటిని ఒకదానిక్రింద నొకటి వ్రాసినచో ‘యోధుడు’ అను అక్షరమువలె కనబడును. అందుచే 11వ పటాలమువారు ఆ యక్షరమునే తమ గుఱుతుగా టాంకులపై చిత్రించుకొనిరి.

ఈ డివిజను మంచూరియా మైదానములలో శిక్షణ పొందుచుండగా యుద్ధము పసిఫిక్ మహాసముద్రముమీదికి మరలెను. జపానునకు ఉక్కు కొఱత. ఉన్న ఉక్కు ఓడలకును విమానములకును ముందుగా పోవుచుండెను. టాంకులకు మిగిలినది స్వల్పము. 97వ రకము టాంకులు అన్నియు కలిపి రెండువేల పైచిలుకు మాత్రమే తయారయ్యెను. అమెరికా కర్మాగారములు షెర్మన్ అను ఒక్క రకము టాంకులనే 49,000కు పైగా నిర్మించెను. షెర్మన్ బరువు 30 టన్నులు. ఫిరంగి 75 మిల్లీమీటర్లది. ముందరి కవచము సుమారు 50 మిల్లీమీటర్ల మందము. జపానువారు 97వ రకమునకు ఎక్కువ వేగముగా గుండు విసరు 47 మిల్లీమీటర్ల క్రొత్త ఫిరంగి నమర్చిరి. అది దగ్గఱనుండి షెర్మన్ ప్రక్కభాగమును చీల్చగలిగెను గాని, ఎదురుగా నిలిచి పోరుటకు చాలలేదు.

1944వ సంవత్సరమున ఒకదానికొకటి పోలిక లేని రెండు దృశ్యములు కనబడెను. ఆ వసంతమున మూడవ టాంకు డివిజను చైనాలోని హొనాన్ మైదానముమీదుగా వేగముగా సాగిపోయెను. అచ్చట ఎదురు నిలువదగిన టాంకులు చైనావారికి లేవు. కాని రెండవ డివిజను నిలువున చీలిపోయెను. దాని 11వ పటాలము ఉత్తరమున మంచుకప్పిన కురీల్ దీవులలోని షుంషు ద్వీపమునకు పోయెను. తక్కిన పటాలములు ఉష్ణదేశమైన లూజానునకు ప్రయాణమయ్యెను. ఆ సముద్రమార్గమునందు అమెరికా జలాంతర్గాములు పొంచియుండి సైనికులను మోయు జపాను ఓడలను పెక్కింటిని ముంచుచుండెను. జర్మనీకి పోయివచ్చిన యమాషితయే ఇప్పుడు ఫిలిప్పీను దీవులలో సర్వసేనాపతి. రెండవ టాంకు డివిజనునకు నాయకుడు జనరల్ ఇవనక యొషిహరు.

1945వ సంవత్సరము జనవరి 9వ తేదీన అమెరికా సేనలు లింగాయెన్ అఖాతము ఒడ్డున దిగెను. అచ్చటినుండి దక్షిణముగా వరిచేలతో నిండిన విశాలమైన మైదానము కలదు. టాంకులు పరుగులిడుటకు అంతకంటె మంచిచోటు లేదని తోచును. కాని మైదానమున పోరాడి గెలువలేనని యమాషిత యెఱుగును. తన సేనలను కొండలలోనికి తీసికొనిపోయి, శత్రువును అచ్చట ఎక్కువకాలము నిలిపియుంచుటయే ఆయన సంకల్పము. అందులకు బియ్యము, మందుగుండు ఉత్తరపు కొండలకు చేరవలెను. ఆ సరకులు సాగు దారికి కూడలి సాన్ హోసె అను పట్టణము. సరకులు దాటిపోవువఱకు ఆ కూడలిని కాపాడుడని టాంకు డివిజనునకు ఆజ్ఞ వచ్చెను.

అప్పుడు గోతులు త్రవ్వుట మొదలయ్యెను. పగటివేళ దారిమీద కదలిన ప్రతి వాహనమును అమెరికా విమానములు వేటాడుచుండెను. జపానునకు ఆ యాకాశమున విమానములు దాదాపు లేవు. నూనె చాలదు. పలుచని కవచముతో ఎదురుపడినచో షెర్మన్ ముందు నిలువజాలదు. కావున సాన్ మనువెల్, మున్యోజ్, లుపావ్ అను ఊళ్లలోను వాని పరిసరములందును టాంకులను గోతులలో దించి, ఫిరంగిని తాల్చిన పైభాగము మాత్రమే కనబడునట్లు మట్టిదిబ్బలు పోసిరి, కొమ్మలతో కప్పిరి. దీనివలన టాంకునకు కవచము పెరిగినమాట నిజమే. కాని గమనము పోయెను. మూడు గుణములలో ఒకటి పోగా టాంకు స్థిరమైన ఫిరంగిగా మారెను. అంతేకాదు, నాలుగు ఊళ్లకు పంచబడుటచే డివిజను అనునది పేరునకు మాత్రమే మిగిలెను. అమెరికావారు ఒక్కొక్క ఊరిని విడివిడిగా చుట్టుముట్టగలిగిరి.

సాన్ మనువెల్ వద్ద మేజర్ జనరల్ షిగెమి సుమారు 45 టాంకులతోను వేయిమంది సైనికులతోను నిలిచెను. జనవరి 24వ తేదీన పోరు మొదలయ్యెను. గోతినుండి ఫిరంగులు మ్రోగుచుండగా అమెరికా కాలిబలము ఒక్కొక్క గోతిని గుఱుతించి, ఫిరంగిదళమును పిలిపించి పగులగొట్టుచు ముందునకు సాగెను. నాలుగు దినములు గడచెను. 28వ తేదీ తెల్లవాఱకమునుపే మిగిలిన టాంకులు గోతులనుండి వెలికివచ్చి, అలలు అలలుగా శత్రువుపైబడెను. అప్పటికి ఆలస్యమయ్యెను. ఎదురుగా సిద్ధముగానున్న ఫిరంగుల వాతబడి అవి యొకదానివెంట నొకటి కాలిపోయెను. షిగెమియు మరణించెను. మున్యోజ్‌లోను లుపావ్‌లోను ఇదే కథ మఱల జరిగెను. ఫిబ్రవరి 4వ తేదీన సాన్ హోసె అమెరికావారి వశమయ్యెను. కొలది దినములలోనే తక్కిన ఊళ్లును పడిపోయెను. డివిజను యుద్ధమునకు తెచ్చిన సుమారు 220 టాంకులలో 180 నశించెను. అప్పటికి సరకులలో పెక్కుభాగము కొండలకు చేరియుండుటచే సేనాపతి కోరినది చాలవఱకు నెరవేఱినట్లే. అయినను ఆ దినములకు చెల్లించిన మూల్యము ఒక డివిజను.

ప్రాణములతో మిగిలిన టాంకు సైనికులు తుపాకులు పట్టి కాలిబంటులైరి. విల్లావెర్దె కొండబాటయొద్ద మే మాసాంతము వఱకు వారు పోరాడిరి. ఆకలియు, వ్యాధులును శత్రువుకంటె ఎక్కువగా బాధించెను. సెప్టెంబరు 3వ తేదీన బాగ్వియోలో యమాషిత లొంగుబాటుపత్రముపై సంతకము చేసెను. ఈ యుద్ధమును కోరని ఫిలిప్పీను ప్రజలు అందఱికంటె ఎక్కువగా నష్టపోయిరి. వారి ఊళ్లు రణరంగములయ్యెను. రాజధాని మనీలాలోనే ఇంచుమించు లక్షమంది పౌరులు ప్రాణములు కోల్పోయిరి.

ఉత్తరమునకు పోయిన 11వ పటాలము కథ మఱింత విషాదకరము. 1945 ఆగస్టు 15వ తేదీన జపాను చక్రవర్తి యుద్ధవిరమణను ప్రకటించెను. షుంషు ద్వీపములోని సైనికులు ఇక ఇండ్లకు పోవచ్చునని ఆశించిరి. మూడు దినములకు, ఆగస్టు 18వ తేదీన, పొగమంచులో సోవియట్ సేనలు ద్వీపముపై దిగెను. కర్నల్ ఇకెద నాయకత్వమున ‘యోధుడు’ అను గుఱుతు గల టాంకులు వారి కెదురేగెను. ఇకెదయు, అతని సైనికులలో పెక్కురును ఆనాడు మరణించిరి. ఇరువదికి పైగా టాంకులు ధ్వంసమయ్యెను. సోవియట్ పక్షమునను ఎందఱో చనిపోయిరి. కొలది దినములకు పోరు ఆగెను. మిగిలిన జపాను సైనికులు ఇండ్లకు బదులుగా సైబీరియా చెఱసాలలకు పోయిరి. ముగిసిన యుద్ధమున చనిపోయినవారి తల్లిదండ్రుల దుఃఖమునకు ఏ చరిత్రకారుడు లెక్క వ్రాయగలడు?

మొదటి టాంకు డివిజను 1945లో స్వదేశరక్షణకై మంచూరియానుండి జపానునకు మరలివచ్చి, యుద్ధము చేయకయే ఆయుధములు విడిచెను. అందులో, చదువు మధ్యలో సైన్యమునకు పిలువబడిన యొక యువకుడుండెను. జపాను ఓడిపోయిననాటికి అతనికి ఇరువదిరెండేండ్లు. ఇంతటి అవివేకమైన యుద్ధమునకు తన దేశము ఎట్లు దిగెనో అతనికి అర్థము కాలేదు. ఆ ప్రశ్నయే అతనిని చరిత్రవైపు నడిపించెను. షిబ ర్యోతరో అను పేరుతో అతడు జపానులో మిక్కిలి ప్రసిద్ధుడైన చారిత్రక నవలాకారుడయ్యెను. తన రచనలు ఇరువదిరెండేండ్లనాటి తనకు తాను వ్రాసికొనిన లేఖలవంటివని అతడు చెప్పుకొనెను. 1996వ సంవత్సరమున మరణించువఱకు అతడు ఆ లేఖలు వ్రాయుచునే యుండెను.

ఒక టాంకును చూచినవారికి దాని ఉక్కును ఫిరంగియు మాత్రమే కనబడును. దాని వెనుక గనులు, కర్మాగారములు, ఓడలు, నూనెబావులు, ఆకాశమున కాపాడు విమానములు ఉండవలెనన్న సంగతి కనబడదు. వానిని లెక్కింపక యుద్ధమునకు దిగిన నాయకుల లోపమును సైనికుల ధైర్యము పూరింపజాలకపోయెను. గోతులలో నిలిచినవారు పిఱికివారు కారు. కాని తప్పులెక్క వేసినవారు ఒకరు, దానికి బదులు చెల్లించినవారు వేఱొకరు. కర్ణుని చక్రమును శాపము మ్రింగినది. లూజాను మైదానమున రథములను మ్రింగినది ఈ తప్పులెక్కయే.