నీటిలో మునిగిన నిప్పుకొండ

సెలవుల్లో మా పిల్లలు సత్యవేడు కొండల దగ్గర గుండ్రాళ్లు ఏరుకొని వచ్చి, "ఇవి అగ్నిపర్వతము కక్కినవేనా?" అని మమ్మును అడిగారు. కాదని చెప్పాము. ఏనాటిదో ప్రవాహములో దొర్లి నునుపెక్కి, ఇసుకలో బిగుసుకొని, పది కోట్ల సంవత్సరములకు పైబడి ఉన్న రాళ్లివి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి పొరలకు మన సత్యవేడు పేరే పెట్టారు. ఇదంతా నీటి పని, నిప్పుది కాదు.

మరి నిప్పుకొండ ఎక్కడున్నది? తడ, పులికాటు దాటి బంగాళాఖాతము మీదుగా తూర్పునకు పోతే అండమాను దీవులు. మన తెలుగువారు వేలాదిగా కాపురమున్న పోర్ట్ బ్లెయిర్ (2024 నుండి శ్రీ విజయపురం) పట్టణమునకు ఈశాన్యముగా సుమారు 140 కిలోమీటర్ల దూరమున బారెన్ ద్వీపము ఉన్నది. బారెన్ అంటే బీడు. మనుష్య సంచారము లేదు. మన దేశములో నేటికీ రగులుతున్న అగ్నిపర్వతము ఇదే.

చూపునకు చిన్నదే. సుమారు 350 మీటర్ల ఎత్తు, మూడు కిలోమీటర్ల వెడల్పు. అయితే అది లేచినది రెండు వేల మీటర్లకు పైగా లోతున్న సముద్రపు అడుగు నుండి. అనగా తిరుమల కొండ ఎత్తుకు రెండింతలకు మించిన భాగము నీటిలోనే ఉన్నది. ఓడ మీద పోయేవారు చూచేది కొన మాత్రమే.

అక్కడ నిప్పు ఎందుకు పుట్టినది? మనము నిలిచియున్న భూఫలకమే బంగాళాఖాతము అడుగున తూర్పునకు సాగి, అండమాను క్రిందికి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున దిగిపోతున్నది. దానితోపాటు సముద్రపు నీరూ దిగుతుంది. తడి తగిలిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఆ కరిగినదే పైకి పొంగి కొండ అయినది.

1787లో అది మండినట్లు వ్రాతలున్నవి. తరువాత ఒకటిన్నర శతాబ్దమునకు పైగా మౌనముగా ఉండి, చల్లారినదనుకొన్న కొండ 1991లో తిరిగి రగిలినది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు ఓడలో ఉండగానే పగలు బూడిద, రాత్రి ఎర్రని లావా ఎగసినవి.

ఆ ఫలకముల అతుకు 2004 డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాటి ఆదివారమున, ఒక్కసారిగా జారినప్పుడే సునామీ మన తీరమును కొట్టినది. ఆలయములకు బయలుదేరే వేళ అది. 2007 నుండి హైదరాబాదులోని కేంద్రము సునామీ హెచ్చరికలు పంపుతున్నది. అయితే అగ్నిపర్వతము పేలినా అల పుట్టవచ్చును. 2022 జనవరి 15న పసిఫిక్‌లో, టోంగా దగ్గర, ఇటువంటి మునిగిన కొండే పేలి సునామీ లేపినది. సముద్రపు ఒడ్డున బంధువులున్నవారు ఒక మాట చెప్పి ఉంచండి: నీరు ఉన్నట్టుండి వెనుకకు తీస్తే చేపలకు దిగక, మెరకకు పరుగెత్తాలి.