ఆ నీలం బిళ్ల వేసుకునే ముందు బీపీ చూసుకున్నావా?

పెళ్లి ఇంకో పది రోజులుందనగా నా ఇంజినీరింగ్ ఫ్రెండ్ రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. నాలుగు నీలం బిళ్లలున్న స్ట్రిప్. కింద ఒకే లైను: 'మామా, ఒకటేసుకుంటే ఏమైనా అవుద్దా?'

వాడికి 28 ఏళ్లు. సమస్యేమీ లేదు. ఉన్నదల్లా 'ఫస్ట్ నైట్ పరువు పోతే ఎలా?' అన్న భయమే. డాక్టర్ దగ్గరికెళ్లాలంటే సిగ్గు. మెడికల్ షాపు ముందు మాత్రం జనం తగ్గేదాకా నిలబడి, గొంతు తగ్గించి అడిగాడట. షాపతను చీటీ కూడా అడక్కుండా చేతిలో పెట్టేశాడు.

నవ్వుతున్న ఎమోజీ పెట్టబోయి ఆగిపోయాను. 2023లో చదివిన నాగపూర్ వార్త గుర్తొచ్చింది.

నాగపూర్‌లో ఏం జరిగింది?

చనిపోయిన వ్యక్తికి 41 ఏళ్లు. హోటల్ గదిలో మద్యంతో పాటు 50 మిల్లీగ్రాముల సిల్డెనాఫిల్ బిళ్లలు రెండు వేసుకున్నాడు. డాక్టర్ సలహా ఏమీ లేదు. తెల్లారేసరికి నలతగా ఉంది, వాంతులయ్యాయి. ఆస్పత్రికి వెళ్దామంటే, ఇంతకుముందూ ఇలాగే అయింది, ఫర్వాలేదన్నాడు. చివరికి తీసుకెళ్లేసరికి ప్రాణం పోయింది. పోస్టుమార్టంలో మెదడులో గడ్డకట్టిన రక్తం సుమారు 300 గ్రాములు బయటపడింది.

అంతకుముందు అతనికి పెద్ద జబ్బులేవీ ఉన్నట్టు ఎవరికీ తెలీదు. మద్యం, మాత్ర, లోపలే ఉన్న హైబీపీ కలిసి ప్రాణం తీసి ఉంటాయని డాక్టర్లు అభిప్రాయపడ్డారు.

మరి తప్పు మాత్రదేనా?

సర్వర్ పడిపోతే మేం ముందు నిన్న రాత్రి మార్చిన కోడ్‌నే అనుమానిస్తాం. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. కొన్నిసార్లు మాత్రం డిస్క్ ఎప్పుడో నిండిపోయి ఉంటుంది, కొత్త కోడ్ దాన్ని బయటపెడుతుందంతే. ఇక్కడా కథ దాదాపు అదే.

సిల్డెనాఫిల్‌ని ఫైజర్ కంపెనీ శాస్త్రవేత్తలు ఇంగ్లండ్‌లో గుండెనొప్పి కోసం పరీక్షిస్తుంటే ఈ రెండో గుణం బయటపడింది. 1998లో అమెరికాలో వయాగ్రాగా అనుమతి వచ్చింది. ఇది రక్తనాళాల గోడల్ని సడలించి రక్తం ఎక్కువగా పారేలా చేస్తుంది. కాకపోతే మనకు కావాల్సిన చోటే పనిచేయమంటే వినదు. ఒళ్లంతా తిరుగుతుంది. తలనొప్పి, మొహం ఎర్రబడటం, ముక్కు దిబ్బడ అందుకే వస్తాయి. బీపీ కూడా కాస్త తగ్గుతుంది.

బీపీ తగ్గించే మందుతో మెదడులో నరం ఎలా చిట్లుతుంది? ఒక వివరణ ఏంటంటే, మెదడు రక్తనాళాలు కూడా సడలి అక్కడి రక్తప్రవాహం మారుతుంది. శృంగారంలో గుండె వేగం, బీపీ ఎలాగూ పెరుగుతాయి. ఏళ్ల తరబడి హైబీపీతో బలహీనపడిన సన్నటి నాళం ఈ ఒత్తిడికి తట్టుకోలేకపోవచ్చు. ఇది ఊహే, రుజువైంది కాదు. వయాగ్రా అధికారిక లేబుల్ కూడా ఆచితూచే మాట్లాడుతుంది: వాడినవాళ్లలో మెదడులో రక్తస్రావం కేసులు నమోదయ్యాయి. అయితే కారణం మందా, శృంగారమా, ముందునుంచీ ఉన్న గుండె, రక్తనాళాల జబ్బా, అన్నీ కలిసా అన్నది తేల్చలేమంటుంది.

ఇంకో వైపూ చూడాలి. ఇదే సిల్డెనాఫిల్‌ని ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగిన రోగులకు డాక్టర్లు రోజూ వాడిస్తున్నారు. అంటే ఇది విషం కాదు. ఎవరి ఒంట్లోకి, ఎంత డోసు, దేనితో కలిపి వెళ్తోందన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ మాత్రం డౌటే లేదు

నాన్నగారి మందుల డబ్బాలో గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ చూసే ఉంటారు. ఆ జాతి నైట్రేట్ మందులతో ఈ బిళ్ల కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. అందుకే గుండెనొప్పితో ఆస్పత్రికెళ్తే సిగ్గు పక్కనపెట్టి 'ఈ మాత్ర వేసుకున్నాను' అని చెప్పి తీరాలి.

తెలుగులో మద్యాన్నీ మందే అంటాం, మాత్రనీ మందే అంటాం. ఆ రెండు మందులూ కలపొద్దు. 'ఆయుర్వేదం, సైడ్ ఎఫెక్టులు లేవు' అని అమ్మే పొడులనీ నమ్మొద్దు. అలాంటి వాటిలో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినట్టు అమెరికా ఎఫ్‌డీఏ పదేపదే పట్టుకుంది.

మాత్ర వేసుకున్నా, వేసుకోకపోయినా ఈ లక్షణాలు కనిపిస్తే పొద్దున చూద్దాం అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి:

• పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా భరించలేని తలనొప్పి
• మూతి ఒకవైపు వంకర పోవడం
• ఒక చెయ్యి, కాలు పట్టు తప్పడం
• మాట తడబడటం
• తలనొప్పితో వాంతులు, మగత

నిజంగానే అంగస్తంభన సమస్య ఉంటే దాచుకోవద్దు. కొందరిలో అది గుండెజబ్బుకి, షుగర్‌కి తొలి హెచ్చరిక. గుట్టుగా బిళ్ల మింగితే ఆ హెచ్చరికని మ్యూట్ చేసినట్టే.

ఇంతకీ మావాడు?

'ముందు బీపీ చూపించుకో, తర్వాత మాట్లాడదాం' అన్నాను. 'ఈ వయసులో బీపీ ఏంట్రా' అని తిట్టాడు. మర్నాడు లాక్కెళ్లాను. 158/102. కంగారువల్ల అనుకుని కాసేపాగి చూస్తే అంతే. మూడు రోజుల తర్వాతా దాదాపు అంతే. నైట్ షిఫ్టులు, బిర్యానీలు, వీకెండ్ పార్టీలు. వాడికీ తెలీకుండా ఎన్నాళ్లుగా ఉందో!

డాక్టర్ బీపీకి మందు రాశాడు. నీలం బిళ్ల సంగతి నేనే ఎత్తాను. 'నీకున్నది భయం బాబూ, జబ్బు కాదు. అమ్మాయితో రెండు మాటలు మాట్లాడు, అదే పోతుంది' అన్నాడు. స్ట్రిప్ అక్కడే వదిలేసి వచ్చాం.

పెళ్లయిన మర్నాడు నేనేం అడగలేదు. వాడే మెసేజ్ పెట్టాడు: 'తెల్లారేదాకా కబుర్లే మామా. తనకి నాకంటే ఎక్కువ టెన్షనంట.'

నేను ఒక్కటే అడిగాను: 'బీపీ బిళ్ల వేసుకున్నావా?'