తళతళ చూసి తాళం తీసుకోవద్దు!

కొత్తది కొనాలంటే యాభై లక్షల పైమాటే. పదేళ్లు నడిచిందైతే కొత్త చిన్న కారు ధరకే వస్తుంది. బెంజి, బీఎండబ్ల్యూ, ఆడీ... ఏదైనా సరే, మనసు ఆగుతుందా? ఆగాలి. దాని పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీసేదాకా అయినా ఆగాలి!

సూళ్లూరుపేట నుంచి చెన్నైకి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. పెళ్లిబట్టలకైనా, పెద్దాసుపత్రికైనా చాలామంది అటే వెళతారు. సెకండ్‌హ్యాండ్ కార్లకూ అదే దగ్గరి పెద్ద బజారు. తెచ్చిన కారును చెంగాళమ్మ గుడి ముందు నిలిపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయించేదాకా అంతా సంబరమే. అసలు కథ తొలి సర్వీసు బిల్లుతో మొదలవుతుంది. కారు ధర ఏటేటా పడిపోతుంది. విడిభాగాల ధర మాత్రం పడిపోదు. పది లక్షలకే చేతికొచ్చినా దాని గేర్‌బాక్సు యాభై లక్షల కారు గేర్‌బాక్సే! ఒక్క పెద్ద మరమ్మతు చాలు... పిల్లల చదువుకని దాచుకున్నది కాస్తా కరిగిపోవడానికి.

అమ్మేవారికి తెలిసింది కొనేవారికి తెలియదు. ఈ బజారులో చిక్కంతా అదే. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో దీనిమీదే ఓ వ్యాసం రాశారు. మంచి కారేదో, చెడ్డదేదో పోల్చుకోలేక కొనేవాళ్లు అన్నిటికీ సగటు ధరే ఇస్తామంటారు. ఆ ధరకు మంచి కారున్నవాళ్లు అమ్మరు. చివరికి బజారులో నాసిరకాలే మిగులుతాయన్నది ఆయన వాదన. 2001లో ఆయన నోబెల్ అందుకున్నారు. అందుకే కొనేవారు కళ్లు తెరుచుకుని చూడాలి.

వరదలో మునిగిందా?

2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మళ్లీ మునిగింది. రెండుసార్లూ వేల కార్లు నీళ్లలో నానాయి. బాగుచేయడం దండగనుకున్న వాటిని బీమా కంపెనీలు తుక్కు కింద వదిలించుకుంటాయి. అలాంటివాటిలో కొన్ని కడిగించుకుని, పాలిష్ పట్టించుకుని మళ్లీ అమ్మకానికి రావచ్చు. ఎలా కనిపెట్టాలి?

సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. పైనంతా కడిగినా లోపల చుట్టుకుని ఉండే ఆ చివర బురద మరక దొరికిపోతుంది. డిక్కీలో స్పేర్ టైరు ఎత్తి ఆ గుంటలో తడవండి. సీట్ల కింద ఇనుప పట్టాలకు తుప్పుందేమో చూడండి. ఏసీ వేయగానే ముక్క వాసన వచ్చినా, కారంతా సెంటు గుప్పుమన్నా అనుమానించాల్సిందే. లగ్జరీ కార్లలో చాలావాటికి కంప్యూటర్ పెట్టెలు, వైర్ల కలుపుళ్లు సీట్ల కింద, డిక్కీ అడుగున ఉంటాయి. నీళ్లు తగిలిన రోజున పనిచేసినా, నెలలు గడిచాక ఒక్కొక్కటే మొరాయిస్తాయి.

బీమా పాలసీ కూడా కొంత కథ చెబుతుంది. క్లెయిము లేని ఏళ్లు పెరిగేకొద్దీ నో క్లెయిమ్ బోనస్ 20 శాతం నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. అది సున్నా ఉంటే కారణం అడగండి.

ఉప్పుగాలి కాటు

కారు ఈ చుట్టుపక్కలదే అయితే మరో పరీక్ష. ఇటు పులికాట్, అటు సముద్రం. శ్రీహరికోట రోడ్డయితే సరస్సు మధ్య నుంచే వెళుతుంది. ఉప్పుగాలి పైరంగును కాదు, ముందు అడుగును తింటుంది. కారును లిఫ్ట్ ఎక్కించి బ్రేకు గొట్టాలు, సస్పెన్షన్ చేతులు, సైలెన్సర్ అతుకులు చూడండి. అడుగున కొత్తగా నల్లరంగు పూసి ఉంటే దాని కింద ఏముందో గీకి చూడాల్సిందే.

తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల సంగతీ మరవొద్దు. వాటిలోని అమ్మోనియం నైట్రేట్ మందు వేడికీ తేమకూ ఏళ్ల తరబడి దెబ్బతిని, బ్యాగు తెరుచుకున్నప్పుడు లోహపు ముక్కలు ఎగజిమ్మిన ఘటనల్లో ప్రాణాలు పోయాయి. ప్రపంచవ్యాప్తంగా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. హోండా అకార్డ్ వంటివి మన దేశంలోనూ ఆ జాబితాకెక్కాయి. మన తీరంలో వేడీ తేమా రెండూ ఎక్కువే! 17 అక్షరాల ఛాసిస్ నంబరు చెబితే, మార్పిడి జరిగిందో లేదో కంపెనీ వాళ్లే తేల్చి చెబుతారు.

చల్లగా ఉన్నప్పుడే...

ఇంజిన్‌ను మీరు వచ్చాకే స్టార్ట్ చేయమనండి. బానెట్ మీద చెయ్యి వేస్తే ముందే వేడెక్కించారో లేదో తెలిసిపోతుంది. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టు. తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే కూలెంట్ లోపలికి దిగుతోందేమో చూడాలి. ఆయిల్ మూత కింద మీగడలాంటి తెట్టు ఉంటే నీళ్లు కలుస్తున్నాయేమో అడగాలి.

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ దీపాలు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే సంతోషించకండి. దీపాన్నే తీసేసి ఉండొచ్చు! స్కానర్ తగిలిస్తే దాచిన లోపాలు బయటపడతాయి. ముందే చెరిపేసినా, కారు తనకు తాను చేసుకునే పరీక్షలు 'పూర్తికాలేదు' అని చూపిస్తుంది. మీటరు వెనక్కి తిప్పినా చాలా కార్లలో మరో కంప్యూటర్‌లో అసలు కిలోమీటర్లు నమోదై ఉంటాయి.

తర్వాత హైవే ఎక్కి నాయుడుపేట దాకా నడపండి. ఆటోమేటిక్ గేర్లు కుదుపు లేకుండా మారాలి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే కొన్ని గంటలు కదలకుండా నిలపండి. ఓ మూల కుంగితే గాలి కారుతున్నట్టే.

కాగితాలు పక్కాగా

* ఆర్సీలో పేరు, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కారుతో సరిపోవాలి. చలాన్లు ఉన్నాయేమో పరివాహన్ వెబ్‌సైట్లో చూడొచ్చు.

* రుణం తీరితే ఫారం 35తో ఆర్సీలో బ్యాంకు పేరు తీయించాలి.

* తమిళనాడు కారైతే అక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30 కావాలి.

* వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే కొత్త నంబరు తప్పనిసరి. కారు వయసును బట్టి ఇక్కడా లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బేరంలో ఆ లెక్కా వేసుకోండి.

* కొన్న డబ్బుతో పాటు మరమ్మతులకు కొంత పక్కన పెట్టుకోండి. అది లేకపోతే ఆ కారు మీ స్తోమతకు మించినదే.

ఇన్ని చూశాక కూడా, డబ్బు చెల్లించేముందు చెన్నైలోని అదే కంపెనీ సర్వీస్ సెంటర్లో ఓసారి పరీక్ష చేయిస్తే మంచిది. కొన్ని వేలు ఖర్చవుతాయి. 'అక్కడిదాకా ఎందుకండీ, మా మాట నమ్మండి' అని అమ్మేవాళ్లు వెనకాడారా... కారు సంగతి తెలిసిపోయినట్టే!