పోడు చెక్క - ఉపగ్రహ సాక్ష్యం

మాది కొత్తపేట దగ్గర వరి, కొబ్బరి సేద్యం చేసే ఇల్లు. గట్టు తగాదా వచ్చిందంటే మా నాన్నగారు ట్రంకుపెట్టెలోంచి దస్తావేజులు తీస్తారు. మరి ఏ కాగితమూ లేని మారేడుమిల్లి కొండరెడ్డి రైతు ఏం తీస్తాడు?

ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పాలు కారాదని 1970లో 1/70 చట్టం వచ్చింది. అడవిలోని పోడుకు హక్కు ఇచ్చింది మాత్రం 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబరు 13 నాటికే ఆ నేల సాగులో ఉండాలి. అదీ 4 హెక్టార్ల వరకే.

ఇక్కడే సైన్సు పనికొస్తుంది. జి.పి.యస్. పరికరం కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలందుకొని, అవి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి మనం నిలబడ్డ చోటు లెక్కకడుతుంది. దాన్ని పట్టుకొని చెక్క చుట్టూ నడిస్తే పటం తయారు. ఆ పటాన్ని 2005 నాటి ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే, అప్పుడది అడవో సాగో కొంతవరకు తెలుస్తుంది.

కొంతవరకు అని ఎందుకన్నానంటే, లాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క 30 మీటర్ల చదరం. మన లెక్కలో 22 సెంట్లు! అరెకరం పోడంటే రెండు చుక్కలు, అంతే. పైగా జీడిమామిడి తోటా, బీడు వదిలిన పోడూ పైనించి అడవిలాగే పచ్చగా కనబడతాయి. అందుకే 2012లో సవరించిన నిబంధనలు ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడే గాని, వాటికి బదులు కాదన్నాయి. ఊరి పెద్దల వాంగ్మూలమూ సాక్ష్యమే. మొదట విచారించేది గ్రామసభే.

ఇదంతా చెబితే నాన్నగారు, "మన గట్టు కూడా ఓసారి కొలవరా" అన్నారు. సెల్‌ఫోనుతో కొలిచాను. గట్టు అయిదు మీటర్లు అవతలివాళ్ళ చేలోకి వెళ్ళి కూర్చుంది!