నార్వే కుర్రాడి తాళంచెవి

ఇలా దగ్గరికి జరగండర్రా, ఇవాళ ఓ తాళం కథ చెబుతాను. సంతలో డబ్బిచ్చి ఆవకాయ జాడీ కొన్నామనుకోండి. ఇంటికి తెచ్చి చూస్తే మూతకి తాళం! తాళంచెవి కావాలంటే, అదెలా ఉంటుందో ఎవరికీ చూపించబోమని కొట్టువాడికి కాగితం రాసివ్వాలి. మన వంటిల్లేమో వీధి వీధంతా వచ్చిపోయే వంటిల్లాయె. అక్కడ దాపరికం ఎలా కుదురుతుంది?

1990ల చివర్లో లినక్స్ వాడేవాళ్ల పాట్లు సరిగ్గా ఇవే. అప్పుడప్పుడే సినిమాలు డీవీడీల మీద వస్తున్నాయి. బొమ్మనంతా సీఎస్‌ఎస్ అనే పద్ధతిలో కలగాపులగం చేసి డిస్కుకెక్కించేవారు. దాన్ని విప్పే తాళంచెవి లైసెన్సు పుచ్చుకున్న కంపెనీలకే ఇచ్చేవారు, అదీ రహస్యంగా ఉంచుతామంటేనే. లినక్స్ ఓపెన్ సోర్స్ కదా, దాని రాతంతా ఎవరైనా చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. అందులో రహస్యం పెడితే ఆ పూటే బయటపడుతుంది. దాంతో డబ్బు పోసి కొన్న సొంత డిస్కు కూడా సొంత కంప్యూటర్లో ఆడేది కాదు.

1999లో నార్వేలో యోన్ లెక్ యోహాన్సెన్ అని 15 ఏళ్ల పిల్లాడు, మరో ఇద్దరితో కలిసి డీసీఎస్‌ఎస్ అనే చిన్న ప్రోగ్రాం బయటపెట్టాడు. తాళం ఏమంత గట్టిది కాదులెండి, 40 బిట్లదే. పైగా ఓ కంపెనీ తన ప్లేయర్లో తాళంచెవిని దాచనే లేదు! పోలీసులు పిల్లాడి ఇంటికొచ్చారు, కేసు నడిచింది. తను కొన్న డిస్కు తను తెరిచి చూసుకోవడం నేరం కాదని 2003లో కింది కోర్టూ, పై కోర్టూ కూడా వదిలేశాయి.

అమెరికాలో మాత్రం కథ అడ్డం తిరిగింది. అక్కడి 1998 నాటి డీఎంసీఏ చట్టం దొంగతనం జరిగిందా అని అడగదు, తాళం విప్పే పనిముట్టు పంచావా అని అడుగుతుంది. 2600 అనే పత్రిక ఆ ప్రోగ్రాంని నలుగురికీ అందుబాటులో పెడితే, 2000లో న్యూయార్కు కోర్టు కుదరదంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముచ్చట వినండి. ఏ ప్రోగ్రామైనా కంప్యూటర్ కడుపులో ఓ పెద్ద సంఖ్యే. ఫిల్ కార్మొడీ అనే ఆయన 2001లో 1401 అంకెల ప్రధాన సంఖ్య ఒకటి వెతికి పట్టాడు. దాన్ని కంప్యూటర్లో విప్పితే వచ్చేది ఆ వద్దన్న ప్రోగ్రామే! మీరు బళ్లో 2, 3, 5, 7 అని వల్లిస్తారే, ఆ వరసలోనే ఎక్కడో చాలా దూరాన అదీ ఉంది. మనిషి పుట్టకముందు నుంచీ ఉంది. ఓ సంఖ్య చెప్పడం నేరమవుతుందా? తొందరేం లేదు, ఆలోచించుకోండి.

మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టానికి 65ఏ సెక్షన్ చేర్చారు. హక్కులు కాజేసే ఉద్దేశంతో తాళం పగలగొడితేనే శిక్ష, రెండేళ్ల దాకా జైలు. మనసులో ఏముందో చూసి శిక్షించడమే న్యాయమని నాకనిపిస్తుంది. అన్నట్టు, మీరు సినిమాలు చూసే వీఎల్‌సీ ప్లేయరుందే, అది ఫ్రాన్స్‌లో కాలేజీ పిల్లలు మొదలుపెట్టిందే. డీవీడీ తాళం విప్పే లిబ్‌డీవీడీసీఎస్‌ఎస్ కూడా ఆ బృందానిదే. డెబియన్ లినక్స్ ఎక్కించుకుంటే మాత్రం అది దాంతోపాటు రాదు, విడిగా మనమే తెచ్చి పెట్టుకోవాలి.