ఒంటెను కట్టే విద్య

2025 మార్చి 16. రమజాను మాసం సగం గడిచింది. ఆ రోజున మన నరసరావుపేటకు చెందిన రెండేళ్ల చిన్నారి మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. కారణం హెచ్5ఎన్1, అంటే బర్డ్ ఫ్లూ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. అంతకు ముందు నెలలోనే గోదావరి జిల్లాల కోళ్లఫారాలలో ఈ వ్యాధి బయటపడింది. ఆ తల్లిదండ్రులకు అల్లాహ్ సహనాన్ని ప్రసాదించుగాక!

ఈ వైరస్ మనిషి ప్రాణం తీయగలదని లోకానికి మొదట తెలిసింది కూడా ఒక పసివాడి మరణంతోనే. 1997 మేలో హాంకాంగ్‌లో మూడేళ్ల బాలుడు మరణించాడు. అతని నుండి సేకరించిన వైరస్‌ను అమెరికాలోని అట్లాంటాలో పరిశీలించిన వారిలో డాక్టర్ కాంతా సుబ్బారావు ముఖ్యులు. ఆమె మన పొరుగునున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో పిల్లల వైద్యంలో శిక్షణ పొంది, వైరస్‌ల పరిశోధనను జీవితకాల వృత్తిగా స్వీకరించారు. ఆ వైరస్‌లోని ఎనిమిది జన్యు ఖండాలూ పక్షులవేనని ఆమె బృందం 1998 జనవరిలో ప్రకటించింది. అప్పటికే హాంకాంగ్‌లో 18 మందికి వ్యాధి సోకి, ఆరుగురు మరణించారు. పది లక్షలకు పైగా కోళ్లను వధించిన తరువాతనే వ్యాప్తి ఆగింది.

ఫ్లూ టీకాను సాధారణంగా కోడిగుడ్లలో తయారు చేస్తారు. కాని ఈ వైరస్ గుడ్డులోని పిండాన్నే చంపివేస్తుంది. అందువలన దాని ప్రాణాంతక భాగాన్ని తొలగించి, టీకాకు పనికివచ్చే బీజాన్ని రూపొందించే కృషిలో ఆమె పాల్గొన్నారు. తరువాత సార్స్‌పై పరిశోధించారు. 2016లో మెల్‌బోర్న్‌లోని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ సహకార కేంద్రానికి సంచాలకులయ్యారు. మహమ్మారి రాకముందే దానిని గుర్తించి, మందు సిద్ధం చేసి ఉంచటమే ఈ వృత్తి. వ్యాధి రాకపోతే ఆ శ్రమ ఎవరి కంటికీ కనబడదు.

ఇది తవక్కుల్‌కు విరుద్ధమా అని కొందరు విద్యార్థులు అడుగుతుంటారు. ముందు ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. జబ్బుపడిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్నవాటి వద్దకు తేవద్దని కూడా ఆదేశించారు. నేటి శాస్త్రజ్ఞులు జీవభద్రత అంటున్నది దీనినే. సిరియాలో ప్లేగు చెలరేగినదని విని హజ్రత్ ఉమర్ (రజి) దారి మధ్యనుండే వెనుదిరిగారు. అది దైవనిర్ణయం నుండి పారిపోవటం కాదని, ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపు వెళ్లటమేనని ఆయన వివరించారు.

అయితే ప్రయోగశాలలో ఎంతటి విద్య ఉన్నా, ఫారంలోనో దుకాణంలోనో ఎవరో ఒకరు నిజం చెప్పనిదే అది పనిచేయదు. కోళ్లు వరుసగా చనిపోతుంటే దాచిపెట్టి, మిగిలినవాటిని హడావిడిగా అమ్మివేసే వ్యాపారి, తడిసిన ధాన్యాన్ని అడుగున దాచిన వర్తకుని వంటివాడే. ఆ వర్తకుని దైవప్రవక్త (సఅసం) ఎంత తీవ్రంగా మందలించారో మనకు తెలుసు. వెంటనే పశువైద్యశాలకు తెలపాలి. చచ్చిన కోళ్లను సాగర్ కాలువలో పారవేయరాదు. ప్రభుత్వ పరిహారం అధికారులు వధించిన కోళ్లకే గాని, అంతకు ముందే చచ్చినవాటికి కాదు. కనుక దాచినవానికి ఇహంలోనూ నష్టమే.

సోదరీమణులారా! మాంసం కడిగే చోటికి పిల్లలను రానీయకండి. పచ్చిమాంసం తాకిన చేతులను, కత్తిని, పీటను సబ్బుతో కడగండి. ముక్క లోపలి వరకు బాగా ఉడికితే ఈ వైరస్ నశిస్తుంది. చచ్చిన కోళ్లను తాకిన తరువాత జ్వరం, ఆయాసం కలిగితే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పండి.

మరొక మాట. వైద్యవిద్య ఫర్జె కిఫాయా అని ఇమామ్ గజ్జాలీ (రహ్మ) రాశారు. ఊరిలో కొందరైనా నేర్వకపోతే అందరూ దోషులే. మన మాచర్ల, గురజాల ఇళ్లలో సైన్సుపై ఆసక్తిగల ఆడపిల్లలున్నారు. పదవ తరగతితోనే వారి పుస్తకాలు మూయించకండి. రేపు మరొక బిడ్డ ప్రాణం కాపాడే విద్యను అల్లాహ్ వారి చేతులలో ఉంచుగాక! ఆమీన్.